అభ్యంతరం లేదు

పోయిన వారం మనం వదిలేసేసరికి సంధ్యారాణి చైతన్యపురి మెట్రో స్టేషన్ ఎదుటి స్టడీ సర్కిల్ మెట్లెక్కుతోంది. రాత్రంతా ఎల్‌బీ నగర్‌లోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ చేసి, నర్సు యూనిఫాం మీద చున్నీ కప్పుకుని, ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చింది. సర్కారు నర్సు ఉద్యోగాల పరీక్ష ఆదివారం. హాల్ టికెట్ తీసుకుందామని పొద్దున్నే ఫోన్ తెరిస్తే, మీ దరఖాస్తు ముగిసిపోయింది అని వచ్చింది. వచ్చే నోటిఫికేషన్ నాటికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఈ పరీక్ష పోతే ఇక పరీక్షన్నదే లేదు. ఆ దరఖాస్తు నింపింది ఈ స్టడీ సర్కిల్‌లో ఆఫీసు పనులు చూసే జోస్నా. అదీ సంగతి.

జోస్నాకు ఇవేవీ తెలియవు. పొద్దున్న ఇంట్లో తమ్ముడు క్రాంతి పక్కన కూర్చుని ఉప్మా తింటూ, ఇవాళ హాల్ టికెట్లు వచ్చాయట, ఆఫీసులో ఊపిరాడదు అని మాత్రం అంది. ఆ మాటకు క్రాంతి సగం తిన్న పళ్లెం పక్కకు నెట్టి చెయ్యి కడుక్కున్నాడు. ఉద్యోగం పోయినప్పటినుంచీ వాడు తిండి సరిగా తినడం లేదులే అనుకుని ఆమె బయల్దేరింది. ఆఫీసుకొచ్చి, టిఫిన్ డబ్బా సొరుగులో పెట్టి, కంప్యూటర్ తెరుస్తుండగా బల్ల ముందు నీడ పడింది.

"నా హాల్ టికెట్ ఏది?" అంది సంధ్యారాణి.

జోస్నా తలెత్తి, నవ్వబోయి, ఎదుటి మొహం చూసి మానేసింది. కుర్చీ చూపించింది. "జర కూసోండి అక్కా, చూస్త" అంది.

"అక్కా అనకు. నాకు చెల్లెండ్లు ఉన్నరు. హాల్ టికెట్ ఏదని అడుగుతున్న."

పక్క గదిలో క్లాసుకని వచ్చిన పిల్లలు నలుగురైదుగురు తలుపు దగ్గర గుమిగూడారు. సంధ్యారాణి ఫోన్ బల్లమీద పెట్టింది. దరఖాస్తు ముగిసింది అన్న ఎర్రక్షరాలు జోస్నాకు తలకిందులుగా కనిపించాయి. ఫోన్ తిప్పుకుని చదివింది. ఇంకోసారి చదివింది. వెబ్‌సైట్ సతాయిస్తోందేమో, సాయంత్రం దాకా చూద్దాం అని ఏదో గొణిగింది. ఆ మాట ఆమె నోట్లోంచి పూర్తిగా రాకముందే సంధ్యారాణి అందుకుంది. తనతో పాటు చదివిన ముగ్గురికీ హాల్ టికెట్లు వచ్చాయి, వెబ్‌సైట్‌కు తనమీదే పగ ఉందా అని అడిగింది. మీ అడ్రసుకు మెయిల్ పెట్టాం అని కింద రాసుంది, ఆ మెయిల్ తనకు రాలేదు, ఎందుకు రాలేదో చెప్పమంది.

ఎందుకు రాలేదో జోస్నాకు తెలుసు. ఇలాంటి చోట్ల దరఖాస్తు నింపించుకునే వాళ్లలో సగం మంది మెయిల్ తెరవరు. కొందరికి ఉన్నదీ లేనిదీ గుర్తుండదు, ఉన్నవాళ్లకు పాస్‌వర్డ్ గుర్తుండదు. ఫారమేమో మెయిల్ అడ్రసు లేనిదే ముందుకు కదలదు. క్యూలో వెనక ఇంకా ఇరవై మంది ఉంటారు. అందుకని ఆఫీసు అడ్రసే కొట్టేయడం అలవాటు. అలా కొట్టేస్తున్నామని చెప్పే అలవాటు మాత్రం లేదు. ఆ లెక్కన కొన్ని వందల మంది జాతకాలు ఒకే మెయిల్ డబ్బాలోకి వచ్చి పడతాయి. ఆ డబ్బాకు కాపలా జోస్నా.

ఒకప్పుడు ఆ డబ్బా నిండా చదవని మెయిళ్లే. ఏసీ రిపేరు వాడు, ప్రింటింగు ప్రెస్సు వాడు, కొరియరు వాడు, పిల్లల తండ్రులు, ప్రకటనలు, అన్నీ కలగాపులగం. ఒక్కొక్కటీ తెరిచి చదివి జవాబు రాసేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోయేది. అప్పుడు దిగాడు బ్రాంచి ఇన్‌ఛార్జిగా చక్రపాణి. గుంటూరు వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. ఎవడో కార్పొరేటు గురువు దగ్గర రెండు రోజులు శిక్షణ తీసుకుని, టైము ఆదా చేయడమెలాగో నేర్చుకొచ్చాడు. ఆయన ఆదా చేసిన టైమంతా ఏం చేసుకుంటాడో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

మెయిల్ రోజుకు మూడుసార్లే తెరవాలి. ఒక మెయిల్‌ను ఒక్కసారే ముట్టుకోవాలి. ప్రతిదానికీ కొత్తగా జవాబు రాయకూడదు. మూడు జవాబులు ముందే తయారుచేసి పెట్టాడు. అందింది, చూస్తున్నాం అనేది ఒకటి. మళ్లీ రాస్తాం అనేది రెండోది. మాకు అభ్యంతరం లేదు, ముగించండి అనేది మూడోది. ఏసీ కంప్లైంటు మూసేయమంటారా, కొరియర్ ఫిర్యాదు ముగిసినట్టేనా అని విసిగించే వాళ్లను వదిలించుకోవడానికి ఆ మూడోది. ఏది కావాలంటే దాని మీద నొక్కడం, మెయిల్‌ను పాత డబ్బాలోకి తోసేయడం, అంతే. ఏది నొక్కినా కింద జోస్నా పేరు దానంతటదే పడుతుంది. సాయంత్రం ఆరింటికి ఇన్‌బాక్స్ ఖాళీగా ఉన్న స్క్రీన్‌షాట్ ఓనరు మేడం వాట్సాప్ గ్రూపులో పడాలి. సెలవు రోజైనా, ఆదివారమైనా సరే. పడగానే మేడం చప్పట్ల బొమ్మ పెడుతుంది. ఆ చప్పట్లు చక్రపాణికి చెందుతాయి.

నిజం చెప్పాలంటే ఆ పద్ధతి జోస్నాకు నచ్చింది. వెలుగుండగానే ఇల్లు చేరుతోంది. ఆదివారం పాడాల్సిన పాటలు ముందే నేర్చుకుంటోంది. నచ్చనిది ఆ మనిషే.

గొడవ విని ఆ మనిషి క్యాబిన్‌లోంచి బయటికొచ్చాడు. విషయం విన్నాడు. విన్న మరుక్షణం ఆయన మొహంలో మొదట కనిపించింది ఎవరిమీద తోద్దామన్న ఆలోచన. అది దాచుకోవడం కూడా ఆయనకు చేతకాలేదు.

"కంగారు పడకండమ్మా. మా పద్ధతిలో ఏ మెయిలూ తప్పిపోదండీ. తప్పిపోయిందంటే పద్ధతి పాటించని వాళ్ల వల్లే" అని జోస్నా వైపు తిరిగాడు. "ఏం చేశారు జోస్నా గారూ?"

జోస్నాకు ఒళ్లు మండింది. విషయమేంటో తెలియకముందే పదిమందిలో దోషిని చేసి నిలబెట్టాడు. మెయిల్ రాలేదేమో, వస్తే తాను చూసేదాన్ని కదా, పరీక్ష పెట్టే బోర్డు నుంచి వచ్చే ప్రతి మెయిలూ పిల్లలకు ఫోన్ చేసి చెప్తున్నాను కదా అంది. అందులో అబద్ధం లేదు. పద్ధతి ఎలా ఉన్నా, బోర్డు మెయిళ్లకు మాత్రం ఆమె ఆ మూడు బటన్లూ వాడదు.

"మాటలెందుకు, డబ్బా తెరువు" అంది సంధ్యారాణి. బల్ల చుట్టూ తిరిగొచ్చి జోస్నా కుర్చీ వెనక నిలబడింది. రాత్రంతా వార్డులో తిరిగిన మందుల వాసన జోస్నా ముక్కుకు తగిలింది.

ఇన్‌బాక్స్‌లో లేదు. పాత డబ్బాలో పేరు కొట్టి వెతికింది. వచ్చింది.

వచ్చినరోజు గుడ్ ఫ్రైడే.

మెయిల్ చిన్నదే. మీరు పంపిన అనుభవ పత్రం మసకగా ఉంది, చదవడానికి వీల్లేదు, మళ్లీ పంపండి. పంపదలచుకోకపోతే ఆ మాట తెలియజేయండి, దరఖాస్తు ముగిస్తాం. దాని కిందే జవాబు ఉంది. అదే రోజు మధ్యాహ్నం వెళ్లింది. మాకు అభ్యంతరం లేదు, ముగించండి. కింద జోస్నా పేరు.

సంధ్యారాణి వంగి, స్క్రీన్ మీద వేలు పెట్టి, ఆ జవాబును చిన్నపిల్ల చదివినట్టు అక్షరం అక్షరం చదివింది. చదివి నిటారుగా నిలబడింది.

"నా బతుకు ముగించనీకి నీకు అభ్యంతరం లేదా?"

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది జోస్నాకు. పదిహేడేళ్ల నుంచి పరాయివాళ్ల ఒంటిమీద దుప్పట్లు సరిచేస్తున్నానని, రాత్రి డ్యూటీలు చేసి పగలు నీ క్లాసులకొచ్చి నిద్రపోకుండా గిల్లుకుంటూ కూర్చున్నానని, భర్త సైదులు బాటసింగారం మార్కెట్‌కు లారీ తోలుతూ ఇంట్లో వంట కూడా తనే చేసుకుంటున్నాడని, ఇదంతా నువ్వు ఒక్క వేలితో తుడిచేశావని సంధ్యారాణి చెప్పుకుంటూ పోయింది. తలుపు దగ్గరి పిల్లల్లో ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. జోస్నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఆమె బుర్ర ఇంకెక్కడో తిరుగుతోంది.

"ఇది నేను పంపలే" అంది. "ఆరోజు నేను చర్చిలున్న. మలక్‌పేటల మూడు గంటల ఆరాధన. నేను పాటల్ల ఉన్న, అందరు చూసిన్రు."

చక్రపాణి నవ్వాడు. "ఫోన్ చర్చికి రాదాండీ? ఆరోజు స్క్రీన్‌షాట్ పంపింది మీరే కదా. నేనే మెచ్చుకున్నాను."

అప్పుడు జోస్నాకు గుర్తొచ్చింది.

తెల్లచీర కట్టుకుని పాడేవాళ్ల వరుసలో నిలబడాలి, చేతిలో ఫోన్ ఉంటే పాస్టరమ్మ ఊరుకోదు. సెలవు రోజున కూడా డబ్బా ఖాళీ చేయకపోతే చక్రపాణి ఊరుకోడు. అందుకని చర్చి గేటు దగ్గర ఫోన్ క్రాంతి చేతిలో పెట్టింది. స్కూటర్ మీద కూర్చున్న వాడికి మూడు బటన్లూ చూపించింది. ప్రకటనలొస్తే ఇది నొక్కు, ఏసీ వాళ్లొస్తే అది నొక్కు, బోర్డు నుంచి వస్తే మాత్రం ముట్టుకోకు, నేనొచ్చి చూస్తా అంది. ఆరాధన అయి బయటికొచ్చేసరికి ఇన్‌బాక్స్ తళతళలాడుతోంది. ఖాళీ చేసిన అక్కా అన్నాడు వాడు. బంగారమని తల నిమిరి, అక్కడే నిలబడి స్క్రీన్‌షాట్ పంపింది.

చూసుకోకుండా నొక్కి ఉంటాడు, పిచ్చోడు, అనుకుని ఊపిరి తీసుకోబోయింది. మళ్లీ స్క్రీన్ వైపు చూసింది. మెయిల్‌లో అనుభవ పత్రం ఇచ్చిన ఆసుపత్రి పేరుంది. క్రాంతి మొన్నమొన్నటిదాకా పనిచేసిన ఆసుపత్రి అది.

రెండు నెలల కిందట, గుడ్ ఫ్రైడేకు ముందే, క్రాంతిని ఆ ఆసుపత్రి వార్డుబాయ్ పనిలోంచి తీసేశారు. లిఫ్టు ముందు స్ట్రెచర్ మీద ఒక ముసలాయనను వదిలేసి, వాడు ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు. ముసలాయన కిందపడ్డాడు. డ్యూటీలో ఉన్న నర్సు పైవాళ్లకు రాసింది. ఇంట్లో ఆ నర్సుకు పేరు లేదు, ఆ నర్సు, అంతే. వాళ్లమ్మ బాలమ్మ రోజూ ప్రార్థనలో ఆమె హృదయాన్ని మార్చమని ప్రభువును అడుగుతుంది. ఆ అడగడంలో హృదయం కంటే నడుము విరిగితే బాగుండునన్న ఆశే ఎక్కువ వినిపిస్తుంది. పక్కన మోకాళ్ల మీద కూర్చుని క్రాంతి అంతా వింటాడు, ఆమెన్ అనడు. ఎల్‌బీ నగర్‌లో అడుగుకో ఆసుపత్రి, ఆసుపత్రికి ఇరవై మంది నర్సులు. ఆ నర్సు తన క్లాసు గదిలోనే కూర్చుంటోందని జోస్నా ఎందుకు అనుకుంటుంది? ఇప్పుడు కూడా అనుకోకూడదనే చూసింది. ఇరవై మందిలో ఈమే అయ్యుండాలా అని తనకు తానే చెప్పుకుంది. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఈలోపు సంధ్యారాణి బోర్డు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది. అటువైపు మనిషి ఓపికగా విని, మీరే ముగించమన్నారు కదమ్మా అన్నాడు. తనకు తెలియకుండా ఎవరో పంపారని ఆమె చెప్తే, ఎవరినో పక్కనే అడిగి మళ్లీ లైన్లోకి వచ్చాడు. జవాబు పంపిన మనిషి స్వయంగా ఆధార్ కార్డుతో రావాలి, అభ్యర్థికి తెలియకుండా తానే పంపినట్టు అధికారి ముందు రాసి సంతకం పెట్టాలి, సాయంత్రం ఆఫీసు మూసేలోపు జరిగితే దరఖాస్తు తెరుస్తాం, రేపటికైతే మా చేతిలో ఉండదు అన్నాడు. పంపిన మనిషే రావాలి, ఇంకొకరు కుదరదు అని రెండోసారి కూడా చెప్పాడు.

ఫోన్ పెట్టేయగానే చక్రపాణికి ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం, వెళ్లండి జోస్నా గారూ. సంస్థకు ఏ సంబంధమూ లేకుండా, మీ అంతట మీరే చేశారని రాయండి. ఈ రోజు జీతం కోత పెట్టనులెండి."

"ఆ బటన్ల మీద ఆ మాటలు రాసింది ఎవరు సార్? పండగనాడు గూడ డబ్బా ఖాళీ చేయమన్నది ఎవరు? సంస్థకు సంబంధం లేదంటరేంది?"

"బటన్ నాదే. నొక్కిన వేలు మీది" అన్నాడు చక్రపాణి, అంతే మెత్తగా. "రేపు అక్కడి కాగితం కాపీ నాకు తెచ్చివ్వండి. మేడం చూసి ఏం చేయాలో చెప్తారు."

ఏం చేయాలో మేడం చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. ఆ సంతకంతో ఉద్యోగం ఊడుతుంది. క్రాంతి ఉద్యోగం పోయాక ఇంటి కిరాయి కడుతున్నది ఆమె జీతమే. పోనీ నిజం చెప్తే? తమ్ముడు పంపాడని చెప్తే, ఆ ఆసుపత్రి పేరు చూసిన ఏ అధికారికైనా వాడు కావాలనే చేశాడని తట్టకుండా ఉంటుందా? మధ్యాహ్నానికల్లా వాడు పోలీస్ స్టేషన్ బల్లమీద ఉంటాడు. ఏమీ చెప్పకుండా కూర్చుంటే ఈ ఎదురుగా ఉన్న మనిషి పరీక్ష పోతుంది, అదీ జన్మకు సరిపడా.

జోస్నా లేచింది. సొరుగులోంచి బ్యాగు తీసుకుంది.

"నేనే పంపిన" అంది. "నడువుండ్రి, పోదాం. సంతకం పెడ్త."

సంధ్యారాణి కదల్లేదు. ఆమె జ్వరం చూసే మనిషి. ఎవరికి నిజంగా నొప్పి, ఎవరు నటిస్తున్నారు అని మొహం చూసి పసిగట్టడం ఆమెకు అలవాటు. జోస్నా మొహంలోకి అలాగే చూసింది.

"ఇంతసేపు పంపలే, చర్చిలున్న అంటివి. ఇప్పుడు పంపిన అంటున్నవ్. ఎవర్ని దాస్తున్నవ్?"

"ఎవర్నీ లేదు. ఆలస్యమైతది, నడువుండ్రి."

"నాకు అబద్ధపు సంతకం అక్కర లేదు. రేపెప్పుడన్న అది బయటపడితే నా ఉద్యోగం గూడ పోతది. పంపినోళ్లే రావాలన్నడు, ఇన్నవా?"

జోస్నా వినిపించుకోనట్టు బ్యాగు భుజానికి తగిలించుకుంది. చక్రపాణి ఏదో చెప్పబోయాడు గానీ, ఆయన నోరు తెరిచేలోపు బల్లమీద జోస్నా ఫోన్ మోగింది. స్క్రీన్ నిండా ఫొటో వచ్చింది. మొదటి జీతం అందుకున్న రోజు తీసిన ఫొటో, ఆసుపత్రి నీలం చొక్కాలో క్రాంతి పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. జోస్నా చెయ్యి చాచింది. సంధ్యారాణి చెయ్యి దగ్గరగా ఉంది.

ఆమె ఫోన్ తీసుకుని ఆ ఫొటో వైపు చూసింది. మెట్లెక్కి వచ్చినప్పటినుంచి లేని నిదానం ఆమె మొహంలోకి వచ్చింది. ఆ నిదానం చూసి జోస్నాకు భయమేసింది.

"ఈ పిలగాడు నీకేమైతడు?"

"తమ్ముడు" అంది జోస్నా. ఇంట్లో రోజూ ప్రార్థనలో వినే ఆ నర్సు ఎవరో, ఆ ఒక్క మాట అంటుండగానే ఆమెకు తెలిసిపోయింది.

ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. జోస్నా ఇవ్వమని ఆమె చెయ్యి పట్టుకుంది. సంధ్యారాణి ఆ చేతిని రోగి చేతిని తీసేసినంత తేలిగ్గా తీసేసి, ఫోన్ ఎత్తి స్పీకర్ నొక్కింది.

"అక్కా" అంది క్రాంతి గొంతు. పరుగెత్తుకొచ్చిన వాడిలా ఆయాసపడుతున్నాడు. "అక్కా, ఆ నర్సు ఒచ్చిందా ఆడికి?"

చక్రపాణి జోస్నా వైపు చూశాడు. జోస్నా కళ్లు మూసుకుంది. వాడు చూసుకోకుండా నొక్కాడన్న చివరి ఆశ కూడా ఆ ఒక్క ప్రశ్నతో పోయింది.

"ఒచ్చింది" అంది సంధ్యారాణి. "నీ బదులు సంతకం పెట్టి కొలువు పోగొట్టుకోనీకి మీ అక్క బ్యాగు ఎత్తుకున్నది. చెప్పు క్రాంతీ, నీకేం అభ్యంతరం లేదా?"

అవతల వాడు ఫోన్ పెట్టేయలేదు.